వ్యాన్‌నే ఇల్లు చేసుకున్నాం, లారీ గుద్దింది.. నష్టపరిహారం ఎవరివ్వాలి?

ప్రశ్న: మాది కావలి. ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తాను. సామాన్ల కోసం కొన్న గూడ్స్ వ్యాన్ నా పేరు మీదే ఉంది. నాన్నగారు పోయాక ఇంటి విషయంలో అన్నదమ్ముల మధ్య మాటలు పెరిగి, నేనూ నా భార్యా కట్టుబట్టలతో బయటికొచ్చేశాం. అద్దెలు కట్టలేక వ్యాన్‌నే ఇల్లుగా మార్చుకున్నాం. బాడీ కోయించి రెండు కిటికీలు పెట్టించాను. లోపల మంచం, స్టవ్ గట్టు, ఇన్వర్టర్ బిగించాం. మూడు లక్షలు దాటింది. పని ఎక్కడుంటే అక్కడ ఆపుకొని ఏడాదిగా అందులోనే కాపురం. డిసెంబరు 9 రాత్రి సింగరాయకొండ దగ్గర హైవే పక్కన డాబా ముందు ఆపి పడుకుంటే, వెనక నుంచి లారీ గుద్దింది. నా భార్యకు భుజం ఎముక విరిగింది. లారీ ఓనరు ఆసుపత్రి ఖర్చుకు 20 వేలు పంపి, కేసు వద్దని బతిమాలితే ఊరుకున్నాం. మా ఇన్సూరెన్స్ కంపెనీ ‘గూడ్స్ వాహనాన్ని అనుమతి లేకుండా నివాసంగా మార్చారు’ అంటూ మార్చి 3న క్లెయిమ్ తిరస్కరించింది. మంచం, గట్టు విప్పేసి, ఆ రాత్రి వ్యాన్‌లో సరుకే ఉందని బిల్లులు తయారుచేసి మళ్లీ పెడదామని తెలిసిన ఏజెంటు అంటున్నాడు. కంపెనీ మీద కేసు వేస్తే గెలుస్తామా? మా గతికి కారణమైన అన్నదమ్ముల మీద ఏమైనా చేయొచ్చా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ ఉత్తరంలో అన్నదమ్ముల సంగతీ ఉంది. ఆ ఇల్లు మీ నాన్నగారి స్వార్జితమా, పిత్రార్జితమా, వీలునామా ఏమైనా ఉందా అనే వివరాలతో విడిగా రాయండి, పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా గురించి చెబుతాను. ఈ ప్రమాదానికి, వాళ్లకు చట్టం దృష్టిలో ఏ సంబంధమూ లేదు. మీ సొంత ఇన్సూరెన్స్ కంపెనీ మీద గెలుస్తారా అన్నది కూడా ఇప్పుడు తేల్చుకోవలసిన ప్రశ్న కాదు. మీ కేసు ఒక్క విషయం మీద తేలుతుంది. ఆ రాత్రి మీ వ్యాన్ చక్రాలు హైవే అంచున ఉండే తెల్లగీతకు ఏ వైపు ఉన్నాయి?

ఎందుకంటే మీకు డబ్బు రావలసింది ముందు లారీ వైపు నుంచి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో లారీ డ్రైవరు, ఓనరు, లారీ ఇన్సూరెన్స్ కంపెనీల మీద వేసే పిటిషన్‌లో మీరు మూడో వ్యక్తి (థర్డ్ పార్టీ), అంటే లారీ పాలసీతో సంబంధం లేని బాధితులు. మీ వ్యాన్‌లో మంచం ఉందా, మిరపకాయ బస్తాలున్నాయా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. లారీ డ్రైవరు నిర్లక్ష్యంగా నడిపాడా లేదా అన్నదే చూస్తారు. ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దినప్పుడు మొగ్గు సాధారణంగా మీ వైపే ఉంటుంది. అయితే మీ బండి సగం రోడ్డు మీదే ఉండి, పార్కింగ్ లైట్లు కూడా వెలగకపోతే, ఇతరులకు ప్రమాదం కలిగేలా వాహనం వదలకూడదనే 122వ సెక్షన్‌ను పట్టుకొని ‘వీళ్ల తప్పూ ఉంది’ అంటారు. ట్రిబ్యునల్ దానికి ఒప్పుకుంటే పరిహారంలో మీ వాటా మేరకు కోత పడుతుంది. డాబా ముందు మట్టి జాగాలో, తెల్లగీతకు అవతల ఆపి ఉంటే ఆ వాదన నిలబడదు.

దీన్ని రుజువు చేసే కాగితం పోలీసులు ప్రమాద స్థలంలో గీసే రఫ్ స్కెచ్. మీ దగ్గర అదే లేదు. 20 వేలు చేతికి రాగానే కేసు వద్దనుకొని ఊరుకున్నారు. భార్యకు ఎముక విరిగి, ఉంటున్న ఇల్లే నుజ్జయితే ఎఫ్‌ఐఆర్ లేకుండా నాలుగు నెలలు గడిపేయడం క్షమించరాని అజాగ్రత్త. మీరు ఏడాదిగా కాపురమున్న బండి అది, ఆ స్థలానికి పోలీసును కూడా పిలవలేదు.

అయినా దారి మూసుకుపోలేదు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని ‘రవి వర్సెస్ బద్రీనారాయణ్’ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆలస్యానికి నమ్మదగిన కారణం చూపాలి. మీ భార్య వైద్యం, లారీ ఓనరు ఇచ్చిన మాట.. జరిగింది జరిగినట్టు రాసి ప్రమాదం జరిగిన పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో వెంటనే ఫిర్యాదు ఇవ్వండి. తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173(4) సెక్షన్ కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

సాక్ష్యం ఎక్కడెక్కడ మిగిలి ఉందో చూడండి. ఆ 20 వేలు ఫోన్‌పేలో వచ్చి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ వరుసే మీకు పెద్ద సాక్ష్యం. ప్రమాదంతో సంబంధం లేనివాడు మీ ఆసుపత్రి ఖర్చుకు డబ్బెందుకు పంపుతాడు? డబ్బు తీసుకునేటప్పుడు ఏదైనా కాగితం మీద సంతకం పెట్టి ఉంటే మీ లాయరుకు దాచకుండా చెప్పండి. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి ఉంటే అక్కడ ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు రికార్డు) రాసి ఉంటారు. అందులో ‘ఆర్‌టీఏ’ (రోడ్డు ప్రమాదం) అని, తేదీ, వేళ ఉంటాయి. దాని కాపీకి దరఖాస్తు పెట్టండి. ఆ రాత్రి 108కో, హైవే హెల్ప్‌లైన్ 1033కో ఎవరైనా ఫోన్ చేశారా కనుక్కోండి. డాబాలో సీసీ కెమెరా ఉన్నా ఇన్నాళ్ల ఫుటేజీ దొరకడం కష్టం, కానీ డాబా మనుషులు ఉంటారు. ఫోటోలు తీసిన ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి. వాట్సాప్‌లో పంపిన కాపీ కన్నా ఆ ఫోన్‌లో ఉన్న అసలు ఫోటో విలువైనది. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా జత చేయాలి. లారీ నంబరుంటే ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ వివరాలు కనిపిస్తాయి. ఇవాళే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.

ఇక గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. మీరు జూన్ 8 దాటకుండా చూసుకోండి. ఈ ఆరు నెలల నిబంధన మీద సుప్రీంకోర్టులో వివాదం ఉంది గానీ, దాన్ని నమ్ముకొని ఒక్కరోజు కూడా దాటించకండి. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు వస్తాయి. కాబట్టి మీకు నిజంగా మిగిలింది కొద్ది రోజులే. ఎఫ్‌ఐఆర్ చేతికొచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఫిర్యాదు రసీదుతోనే పిటిషన్ దాఖలు చేయించండి.

పిటిషన్ ఎక్కడ వేయాలో కూడా మీ విషయంలో ఆలోచించాల్సిందే. ప్రమాదం జరిగిన చోటైనా, బాధితుడు నివసించే చోటైనా వేయవచ్చని 166(2) అంటుంది. కానీ మీరు ఏడాదిగా వ్యాన్‌లో ఉన్నారు, ఆధార్‌లో ఉన్నది గొడవలో ఉన్న ఇంటి చిరునామా. ‘కావలిలో ఉంటున్నాను’ అంటే అవతలి లాయరు మొదటి ప్రశ్న దాని మీదే వేస్తాడు. ఆ చర్చే రాకుండా, ప్రమాదం జరిగిన జిల్లా కేంద్రమైన ఒంగోలులో వేయండి. గాయాలకు మీ భార్య పేరున ఒక పిటిషన్, బండికీ లోపలి సామానుకూ మీ పేరున మరొకటి. ఆమె సంపాదించకపోయినా ఇంటి పనికి విలువ కట్టి పరిహారం ఇస్తారు. మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరును పొందే హక్కు ఆమెకుంది.

ఏజెంటు చెప్పిన పని మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి. నష్టం అంచనాకు వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయరు బండిని చూసి ఫోటోలు తీసే ఉంటాడు, తిరస్కరణ ఉత్తరంలోనే ‘నివాసంగా మార్చారు’ అని ఉంది. ఇప్పుడు మంచం విప్పితే ఆ ఫోటోలు చెరిగిపోవు. దొంగ బిల్లు పెడితే పాలసీ కింద ఉన్న కాస్త ఆశా పోతుంది. భారతీయ న్యాయ సంహిత 318, 336, 340 సెక్షన్ల కింద మోసం, ఫోర్జరీ కేసుల్లో మీరే ముద్దాయి అవుతారు. పైగా సరుకు బండిలో మీ భార్య పడుకొని గాయపడిందెలా? ఒక అబద్ధంతో ఆమె నిజమైన క్లెయిమ్ కూడా కూలిపోతుంది. బండిలో ఒక్క స్క్రూ కూడా కదిలించకండి. ట్రిబ్యునల్‌లో మీ ఆస్తి నష్టానికి ఆ బండే రుజువు.

సొంత ఇన్సూరెన్స్ సంగతి రెండో మెట్టు. తప్పు మీ దగ్గరా ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, తయారీ కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌ను దాటకూడదని 2019లో జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విప్పి కింద పెట్టగలిగే మంచం సామాను కిందకే వస్తుందని వాదించవచ్చు, బాడీ కోసి పెట్టిన కిటికీని అలా అనలేం. అయినా, వెనక నుంచి లారీ గుద్దడానికి మీ కిటికీలు కారణం కాదు. పాలసీ షరతు ఉల్లంఘించినా క్లెయిమ్‌ను మొత్తంగా కొట్టేయకుండా 75 శాతం దాకా ఇవ్వవచ్చని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ తీర్పు ఆధారంగా ముందు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. నెలలో తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విచారించే అధికారికి) ఏడాదిలోపు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు మార్చి 3 నుంచి రెండేళ్లలోపు వెళ్లవచ్చు. బండి నష్టమంతా లారీ వైపు నుంచి వస్తే అదే నష్టాన్ని ఇక్కడ మళ్లీ అడగకూడదు.

కేసు తేలాక మళ్లీ వ్యాన్‌లోనే ఉండదలిస్తే చట్టంలో దానికీ చోటుంది. సొంత వాడకానికి ఉండే క్యాంపర్ వ్యాన్‌ను 2004 నవంబరు 5 నాటి కేంద్ర నోటిఫికేషన్ నాన్‌ట్రాన్స్‌పోర్టు (రవాణా వ్యాపారానికి కాని) వాహనాల్లో చేర్చింది. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణమూ ఉంది. బాడీ బిల్డరు చేతిలో అడ్వాన్సు పెట్టకముందే ఆ ప్రమాణం ప్రకారం అప్రూవల్ ఉందా అని అడిగి కాగితం చూడండి. ఆర్టీఓ నుంచి రాతపూర్వక అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టించి, మారిన ఆర్‌సీ కాపీని ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చి పాలసీ మార్పించుకోండి. ఇంటికిచ్చిన వంటగ్యాస్ సిలిండరును కదిలే బండిలో బిగించకండి. అవన్నీ తర్వాతి మాట. రేపు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కు ఫిర్యాదుతో వెళ్లండి, వచ్చేటప్పుడు డాబా దగ్గర ఆగి ఆ రాత్రి అక్కడున్న వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి.