సమాధానం: పెంఫిగస్ బొబ్బ ఎందుకు తొందరగా పగులుతుంది?

చర్మం మీద బొబ్బలు తెచ్చే ఈ రెండు జబ్బుల్లోనూ యాంటీబాడీలు (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లు) కణాల అతుకులనే దెబ్బతీస్తుంటే, పెంఫిగస్ వల్గారిస్‌లో బొబ్బ మెత్తగా ఉండి ఇట్టే పగిలిపోవడం, బుల్లస్ పెంఫిగాయిడ్‌లో బిగువుగా నిలవడం ఎందుకని అడిగారు. చీలిక ఏ లోతులో వస్తుందో చూస్తే చిక్కు వీడిపోతుంది.

చర్మ కణాన్ని పక్క కణంతో పట్టి ఉంచేది డెస్మోసోమ్. ఇందులో డెస్మోగ్లీన్, డెస్మోకొలిన్ అనే ప్రొటీన్లు కణాల మధ్య ఖాళీలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. లోపలివైపు డెస్మోప్లాకిన్ వాటిని కణం లోపలి కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్ పోగులకు కట్టేస్తుంది. పెంఫిగస్ యాంటీబాడీలు ముఖ్యంగా డెస్మోగ్లీన్ 3 అనే రకం మీద పడతాయి. కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, చీలిక ఎపిడెర్మిస్ (చర్మపు పై పొర) అడుగు వరుస కణాలకు కాస్త పైన వస్తుంది. బొబ్బకు పైకప్పుగా మిగిలేది పట్టు సడలిన కణాలే, అందుకే నిలవదు. నోటి పొరకు ఆధారం ఎక్కువగా డెస్మోగ్లీన్ 3 కాబట్టి చాలామందిలో పుండ్లు ముందు నోట్లోనే మొదలవుతాయి.

ఇక్కడ ఒకటి గమనించండి: అడుగు వరుస కణాలు మాత్రం కదలవు. వాటిని కింది పొరకు బిగించేది హెమీడెస్మోసోమ్. మైక్రోస్కోప్‌లో సగం డెస్మోసోమ్‌లా కనిపించినా, దీని ప్రొటీన్లు వేరు: ఇంటిగ్రిన్, బీపీ180, బీపీ230. పెంఫిగాయిడ్‌లో దెబ్బ తగిలేది ఈ చివరి రెండింటికే. ఎపిడెర్మిస్ మొత్తం ఒకే ముక్కగా లేస్తుంది, కప్పు మందంగా ఉంటుంది, బొబ్బ బిగువుగా నిలుస్తుంది.

కణాల మధ్య ఉండే మరో రెండు రకాల అతుకులైన టైట్ జంక్షన్, గ్యాప్ జంక్షన్‌లను ఈ ప్రశ్నలోకి లాగకండి. మొదటిది కణాల సందుల్లోంచి పదార్థాలు కారకుండా ఆపేది, రెండోది అయాన్లు, చిన్న అణువులు దాటే దారి.