ఫైళ్ల పేర్లను ముద్రించే టూల్ పైప్‌లో పొరపాటు చేయకుండా ఎలా రాయాలి?

మీ టూల్ వరుసకొక ఫైలు పేరు ముద్రిస్తుందని, దాన్ని పైప్‌లో, అంటే ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను నేరుగా మరో కమాండ్‌కు అందిస్తూ, ఎక్స్‌ఆర్గ్స్ (xargs: అందిన పేర్లను మరో కమాండ్‌కు ఇచ్చే టూల్) ద్వారా తొలగింపు కమాండ్‌కు పంపితే వేరే ఫైళ్లు పోయాయని అడిగారు. యూనిక్స్‌లో ఫైలు పేరులో స్లాష్, సున్నా బైటు (విలువ సున్నాగా ఉండే NUL బైటు) తప్ప ఏ బైటైనా ఉండవచ్చు. ఎక్స్‌ఆర్గ్స్ మాత్రం మామూలుగా ఖాళీల దగ్గరా వరుసల దగ్గరా విడగొడుతుంది కనుక, "పాత లెక్కలు" అనే ఒక్క పేరు "పాత", "లెక్కలు" అనే రెండు ఫైళ్లుగా మారిపోతుంది. వరుసకొక పేరు చొప్పున చదివించినా సరిపోదు, ఎందుకంటే కొత్త వరుస గుర్తు కూడా పేరులో చెల్లుతుంది.

అందుచేత ప్రతి పేరు చివర సున్నా బైటు పెట్టే ఎంపికను తప్పక ఇవ్వండి. ఫైళ్లను వెతికే ఫైండ్‌లోని ప్రింట్0 (-print0), ఎక్స్‌ఆర్గ్స్‌లోని సున్నా (-0) ఎంపిక ఇందుకే ఉన్నాయి; యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ 2024 కూర్పు కూడా వాటిని చేర్చుకుంది.

రంగులు, కోట్ గుర్తులు మనిషి కంటికోసమే కాబట్టి, అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళుతోందో లేదో చూసి అక్కడే వాడండి. 2016లో ఫైళ్ల జాబితా చూపే గ్నూ ఎల్‌ఎస్ (ls) కమాండ్ ఖాళీలున్న పేర్లకు కోట్ గుర్తులు చేర్చడం మొదలుపెట్టినప్పుడు కొందరు నొచ్చుకున్నా, పైప్‌లోకి వెళ్లే అవుట్‌పుట్‌ను మార్చకపోవడం నా దృష్టిలో సరైన నిర్ణయం.

హెచ్చరికలు, పురోగతి సందేశాలు మామూలు అవుట్‌పుట్‌కు వేరుగా ఉండే స్టాండర్డ్ ఎర్రర్‌కే వెళ్లాలి. లేకుంటే "3 ఫైళ్లు దొరికాయి" అన్న వాక్యం కూడా తొలగించవలసిన ఫైలు పేరుగా చేరిపోతుంది. విఫలమైతే సున్నా కాని ఎగ్జిట్ కోడ్ (టూల్ ముగిసేటప్పుడు ఇచ్చే ఫలిత సంఖ్య) ఇవ్వండి. అయితే కమాండ్లు నడిపే బాష్ షెల్‌లో పైప్‌ఫెయిల్ (pipefail) అనే ఎంపిక పెట్టకపోతే పైప్‌లోని చివరి కమాండ్ కోడే లెక్కలోకి వస్తుందని మీ సహాయ పేజీలో రాయండి.