ఎర్ర కార్డు రెండు ఆటలతో తీరిపోతుంది, జాగ్రత్త పడాల్సింది ఇల్లు మారేటప్పుడు

ప్రశ్న: మేము ఒహాయోలోని డబ్లిన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి పదో తరగతి, స్కూలు సాకర్ జట్టులో ఆడతాడు. అక్టోబరులో సీజన్ చివరి ఆటలో రిఫరీతో దురుసుగా మాట్లాడాడని ఎర్ర కార్డు ఇచ్చారు. జూన్‌లో కుటుంబం టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మారుతోంది. మంచి సాకర్ జట్టున్న స్కూలు చూసుకుని ఇల్లు వెతుకుతున్నాం. ప్రాజెక్టు పని వల్ల నేను డిసెంబరు దాకా ఇక్కడే ఉండాలి. ఎర్ర కార్డుకు ఒక ఆట నిషేధమని కాలిఫోర్నియాలోని మా బావమరిది అంటాడు, రెండు అని న్యూజెర్సీలోని మిత్రుడు అంటాడు. ఈ శిక్ష టెక్సస్‌కు కూడా వస్తుందా? కాలేజీ దరఖాస్తులో మచ్చగా మిగులుతుందా? అసలు ఆట మాన్పించేయమంటారా?

జవాబు: మీ బావమరిది చెప్పిందీ నిజమే, మీ మిత్రుడు చెప్పిందీ నిజమే. ఎవరి రాష్ట్రం సంగతి వారు చెప్పారు.

స్కూలు సాకర్‌కు ఆట నియమాలు రాసేది ఇండియానాపొలిస్‌లోని జాతీయ సమాఖ్య, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్. సగానికి 40 నిమిషాల చొప్పున ఆడటం, పసుపు కార్డు చూపించిన ఆటగాడు కాసేపైనా మైదానం బయటికి రావడం వంటివి ఆ పుస్తకంలోవే. మ్యాచ్ ముగిశాక ఎన్ని ఆటలు దూరంగా ఉంచాలి, ఎవరు ఆడటానికి అర్హులు, ఏ కాలంలో ఆడాలి అన్నవన్నీ రాష్ట్ర సంఘాలు తేల్చుకుంటాయి. అందుకే ఎర్ర కార్డు చూపి మైదానం నుంచి పంపించేస్తే కాలిఫోర్నియాలో తరువాతి ఆట పోతుంది, న్యూజెర్సీలో రెండు ఆటలు పోతాయి. మీ ఒహాయోలోనూ రెండే. అదే సీజన్‌లో రెండోసారి పంపించేస్తే ఇక ఆ సీజన్ మొత్తం పోతుంది.

మీ అబ్బాయికి కార్డు వచ్చింది చివరి ఆటలో కనుక శిక్ష ఇంకా మిగిలే ఉంది. ఒహాయో నియమం ప్రకారం అది ఆ విద్యార్థి తరువాత ఏ క్రీడలో పాల్గొంటే ఆ క్రీడకు వెళ్తుంది. వసంతంలో అతను ట్రాక్ వంటి వేరే స్కూలు క్రీడలో ఉంటే, అక్కడ మొదటి రెండు పోటీలు వదులుకోవాలి. ఇది మీకు మంచిదే, ఎందుకంటే ఊరు మారేలోపు లెక్క తీరిపోతుంది. తీరిన తరువాత స్కూలు అథ్లెటిక్ డైరెక్టర్ దగ్గర 'శిక్ష ఫలానా తేదీలకు పూర్తయింది' అని ఒక ఈమెయిల్ తీసుకుని దాచుకోండి. వేరే క్రీడ ఏదీ లేకపోతే, శిక్ష మిగిలి ఉందన్న మాట కొత్త స్కూలుకు మీరే ముందుగా చెప్పండి.

కార్డు గురించి ఇంతకుమించి బెంగ అక్కర్లేదు. నాకు బెంగ కలిగించింది మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన రెండు వాక్యాలు. మంచి జట్టున్న స్కూలు చూసుకుని ఇల్లు వెతుకుతున్నాం అన్నది ఒకటి, మీరు డిసెంబరు దాకా ఒహాయోలోనే ఉంటారన్నది రెండోది.

టెక్సస్‌లో స్కూలు క్రీడలను నడిపేది యూఐఎల్ అనే రాష్ట్ర సంఘం. వేరే స్కూలు తరఫున ఆడిన పిల్లవాడు కొత్త స్కూలులో వర్సిటీ జట్టులో, అంటే స్కూలు ప్రధాన జట్టులో ఆడాలంటే, అంతకుముందు ఎక్కడ ఆడాడో తెలిపే ఫారం ఒకటి నింపాలి. అందులో మీ భాగం, కొత్త స్కూలు భాగం, పాత స్కూలు భాగం విడివిడిగా ఉంటాయి. ఆట కోసమే స్కూలు మారాడని యూఐఎల్ జిల్లా కార్యనిర్వాహక కమిటీ (ఒకదానితో ఒకటి పోటీపడే స్కూళ్ల ప్రతినిధుల కమిటీ) నిర్ణయిస్తే కనీసం ఏడాది పాటు వర్సిటీ ఉండదు, కింది స్థాయి జట్టులోనే ఆడాలి. పదకొండో తరగతిలో ఆ ఏడాది పోతే వాడి స్కూలు సాకర్‌లో మిగిలేది ఒక్క సీజనే. ఇదే ఫ్లోరిడాలో అయితే 2016లో వచ్చిన చట్టం వల్ల స్కూలు మారిన వెంటనే ఆడే వీలు చాలామందికి ఉంది. ఫ్లోరిడా స్నేహితుల మాట విని టెక్సస్‌లో నడుచుకోవద్దు.

తల్లిదండ్రుల నివాసాన్ని కూడా చూస్తారు. ఇల్లు కొన్నారా లేక అద్దెకు తీసుకున్నారా, సామాను వచ్చిందా, ఉత్తరాలు ఏ చిరునామాకు వస్తున్నాయి అని అడుగుతారు. మన కుటుంబాల్లో తండ్రి ప్రాజెక్టు ఊళ్లో ఉండిపోవడం, తల్లీ పిల్లలూ బడులు తెరిచేలోపు ముందుగా వెళ్లడం మామూలే. కానీ ఆ కమిటీ కంటికి అది సగం మారిన కుటుంబంలా కనిపించవచ్చు. కాబట్టి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆ స్కూలు డిస్ట్రిక్ట్ అథ్లెటిక్ కార్యాలయానికి మీ పరిస్థితి ఉన్నదున్నట్టు రాసి, జవాబు కూడా రాతలోనే అడగండి. నివాస నియమం నుంచి మినహాయింపు కోరే దారి యూఐఎల్‌లో ఉంది. దానికి సమయం పడుతుంది, ఆగస్టు దాకా ఆగవద్దు.

ఈ లోగా కొత్త స్కూలు కోచ్‌కు మీరుగానీ అబ్బాయిగానీ ఫోన్ చేయవద్దు. జట్టును చూసి ఇల్లు ఎంచుకునే ఆలోచన పూర్తిగా మానుకోండి. కుటుంబం మారుతున్నది ఉద్యోగం కోసమైతే ఆఫీసుకు దగ్గర, చదువు బాగున్న స్కూలు చూసుకుని వెళ్లండి, ఫారంలో అదే రాయండి. ఒక అబద్ధం రాసి దాన్ని మోసే పని పదహారేళ్ల పిల్లవాడి మీద పెట్టకండి. అబద్ధం బయటపడితే ఆటకు దూరమయ్యేది వాడే.

టెక్సస్‌లో ఇంకొక సంగతి మార్కులు. 1984 చట్టంతో వచ్చిన 'పాసైతేనే ఆట' నియమం ప్రకారం, గ్రేడ్ల కాలం ముగిసేసరికి ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే కనీసం మూడు వారాలు ఆట ఉండదు. ఒహాయోలో సాకర్ శరత్కాలపు ఆట. టెక్సస్‌లో జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. అంత చిన్న సీజన్‌లో మూడు వారాలంటే ఎన్ని మ్యాచ్‌లో లెక్క వేసుకోండి. కొత్త ఊరికి వెళ్లిన మొదటి ఏడాదే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) సబ్జెక్టులు నాలుగైదు ఎత్తుకోవద్దు. అడ్వాన్స్‌డ్ కోర్సుల్లో కొన్నింటికి ఈ నియమం వర్తించదు, ఆ జాబితా డిస్ట్రిక్ట్‌ను అడిగి తీసుకోండి.

సీజన్ ఇలా జనవరికి జరగడం వల్ల అబ్బాయి స్కూలు సాకర్‌కు ఏడాదికి పైగా దూరమవుతాడు. కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్ కోచ్‌లు విద్యార్థితో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టగలిగేది పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి. అంటే సరిగ్గా మీరు సామాను సర్దుకునే రోజులు. క్లబ్ జట్టు వెతకడం ఇప్పుడే మొదలుపెట్టండి. అయితే ఎంఎల్‌ఎస్ నెక్స్ట్ అనే యువ క్లబ్ లీగ్ పై స్థాయి జట్లలో చేరిన పిల్లలు సాధారణంగా స్కూలుకు ఆడరు. ఎఫ్‌సీ డల్లాస్ అకాడమీ ఫ్రిస్కోలోనే ఉంది కనుక ఆ ఆశ మీకూ కలగవచ్చు, చేరే ముందు ఈ నిబంధన అడిగి తెలుసుకోండి. ఈసీఎన్‌ఎల్ అనే మరో యువ లీగ్ క్లబ్‌లలో స్కూలు జట్టుకు కూడా ఆడే వీలుంటుంది.

ఇక కాలేజీ దరఖాస్తు. ఎర్ర కార్డు ఆటకు సంబంధించిన శిక్ష, స్కూలు క్రమశిక్షణ రికార్డు వేరు. ఆ రోజు మాటలకు స్కూలు కూడా విడిగా సస్పెండ్ చేస్తే తప్ప రెండింటికీ సంబంధం లేదు. విద్యార్థి క్రమశిక్షణ చరిత్ర అడిగే ప్రశ్నను కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపే వేదిక) 2021-22 దరఖాస్తుల నుంచి తీసేసింది. కొన్ని కాలేజీలు సొంతంగా అడుగుతాయి, ఆ ప్రశ్నను పదం పదం చదివి నిజం రాయాలి. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మసాచుసెట్స్‌లో పిల్లవాడు వేప్ (ఈ-సిగరెట్) పీలుస్తూ దొరికితే మొదటిసారికే సీజన్‌లో నాలుగో వంతు పోటీలు పోతాయి. అలాంటివి ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయాలు.

ఆట మాన్పించవద్దు. పదహారేళ్లవాడు ఓడిపోతున్న మ్యాచ్‌లో నోరు జారితే రెండు పోటీలు బయట కూర్చోవడం సరిపడా శిక్షే. దాని మీద మీరు ఇంకొకటి వేయనక్కర్లేదు. కోచ్‌కు క్షమాపణ మాత్రం వాడే, తన మాటల్లో రాయాలి, మీరు దిద్దవద్దు. జూన్‌లో కాలేజీ కోచ్‌లకు రాయాల్సిన ఈమెయిళ్లు కూడా అంతే. నాలుగు వాక్యాలు చాలు: ఏ స్థానంలో ఆడతాడు, ఏ క్లబ్, గ్రేడ్లు, టెక్సస్‌లో సీజన్ జనవరిలో మొదలవుతుందన్న మాట.