డాలస్ ఇంటి అటిక్‌కి స్ప్రే ఫోమ్: ఒకరు 7 వేలు, ఇంకొకరు 12 వేలు. ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న: మాది డాలస్ దగ్గర రెండంతస్తుల ఇల్లు. వేసవిలో పై గదుల్లో ఉండలేకపోతున్నాం. అటిక్‌లో (పైకప్పు కింది ఖాళీ చోటు) వేడిని ఆపే స్ప్రే ఫోమ్ కొట్టించడానికి ఒక కాంట్రాక్టర్ 7 వేల డాలర్లు అన్నారు, ఇంకొకరు 12 వేలు. ఎవరు ఎక్కువ చెబుతున్నట్టు?

జవాబు:

ఎవరూ ఎక్కువ చెప్పి ఉండకపోవచ్చండి. అసలు ఇద్దరూ ఒకే పనికి రేటు చెప్పారా అన్నది ముందు తేల్చుకోండి. మేం అక్కడే బోల్తా పడబోయాం.

మాదీ మీలాంటి ఇల్లే, 2005లో కట్టింది. 2023 వేసవిలో మా అత్తగారు విజయవాడ నుంచి వస్తే పైనున్న మీడియా రూమ్‌లో మంచం వేశాం. మూడో రోజుకి "ఇంతకన్నా మా బెజవాడే నయం కదమ్మా" అంటూ దిండు పట్టుకుని కింద హాల్లోకి దిగిపోయారు. ఆ దెబ్బకి మరుసటి మార్చిలో ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర కోట్ (ధర అంచనా) తీసుకున్నాం. మొదటాయన 9,400 డాలర్లు, రెండో ఆయన 6,700, మూడో ఆయన 12,100. మా ఆయన 6,700 దగ్గర సంతకం పెట్టేసేవారే. నేనే రెండు రోజులు ఆగమన్నాను.

ఈ పనికి రేటు బోర్డ్ ఫుట్ లెక్కన ఉంటుంది. ఒక చదరపు అడుగు మేర ఒక అంగుళం మందాన ఫోమ్ కొడితే ఒక బోర్డ్ ఫుట్. అంటే మందం చెప్పకుండా రేటు చెప్పడమంటే ఎన్ని గ్రాములో చెప్పకుండా గొలుసు ధర చెప్పడమే. ముగ్గురికీ ఒకటే మెయిల్ పెట్టాను: ఏ రకం ఫోమ్, ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని అంగుళాలు?

మొదటాయనది ఓపెన్ సెల్ (మెత్తటి రకం ఫోమ్), 3,100 చదరపు అడుగులు, ఐదున్నర అంగుళాలు. మొత్తం 17,050 బోర్డ్ ఫీట్లు, ఒక్కోటి 55 సెంట్లు. రెండో ఆయనదీ ఓపెన్ సెల్లే, అదే కొలత, కానీ మూడున్నర అంగుళాలే. 10,850 బోర్డ్ ఫీట్లు, ఒక్కోటి 62 సెంట్లు. చవక అనుకున్న కోటే బోర్డ్ ఫుట్‌కి ఏడు సెంట్లు ఎక్కువ! మా ఆయనకి ఆ ఎక్సెల్ షీట్ చూపించాక కాసేపు మాట్లాడలేదు.

మూడో ఆయనది క్లోజ్డ్ సెల్ (గట్టి, దట్టమైన రకం), మూడు అంగుళాలు, బోర్డ్ ఫుట్ 1.30 డాలర్లు. చూడగానే రెండింతలకి పైగా ఉందే అనిపిస్తుంది. కానీ ఓపెన్ సెల్ అంగుళానికి ఆర్-వాల్యూ (వేడిని ఆపే శక్తి) సుమారు 3.7, క్లోజ్డ్ సెల్‌ది 6.5 దాకా. కాబట్టి మొదటాయన ఐదున్నర అంగుళాలూ, ఈయన మూడు అంగుళాలూ దాదాపు ఒకటే, ఆర్-20. రెండో ఆయనది మాత్రం ఆర్-13 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒకే ఫలితానికి 9,400, 12,100. తేడా అంతే. మన దగ్గర వడగళ్ల వానలకి రూఫ్ దెబ్బతినడం మామూలే కదా, ఎక్కడైనా కారితే ఓపెన్ సెల్ లోంచి నీళ్లు దిగి కనిపిస్తాయి. క్లోజ్డ్ సెల్ లోపలే దాచి పెడుతుంది. రూఫ్ డెక్ (పైకప్పు కింది చెక్క) వరకూ అయితే నా ఓటు ఓపెన్ సెల్‌కే.

మా అటిక్ నేల 2,200 చదరపు అడుగులే, మరి 3,100 ఎక్కడివని అడిగాను. అది మోసమేమీ కాదు. ఫోమ్ కొట్టేది నేల మీద కాదు, ఏటవాలుగా ఉన్న పైకప్పు లోపలివైపు. మా రూఫ్ అడ్డంగా 12 అంగుళాలకి 10 అంగుళాలు లేస్తుంది. ఆ వాలుకి విస్తీర్ణం 1.3 రెట్లు అవుతుంది. దాని పైన త్రికోణపు పక్కగోడలు. మీరూ మీ రూఫ్ వాలు తెలుసుకుని ఒకసారి హెచ్చవేసి చూసుకోండి.

ఇక కోట్‌లో లేని ఖర్చులు. పాత ఇన్సులేషన్ పీల్చి తీసేయడానికి చదరపు అడుగుకి డాలర్ చొప్పున 2,200. అది పర్వాలేదు. అసలు దెబ్బ ఫర్నేస్ (చలికాలంలో ఇల్లు వేడిచేసేది) దగ్గర. టెక్సస్‌లో చాలా ఇళ్లలాగే మా గ్యాస్ ఫర్నేస్, వాటర్ హీటర్ రెండూ అటిక్‌లోనే ఉన్నాయి. అవి మండడానికి అటిక్‌లోని గాలే తీసుకుంటాయి. ఫోమ్ కొట్టి అటిక్‌ని మూసేస్తే వాటికి గాలి సరిగ్గా అందదు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. బయటి గాలితో నడిచే రకానికి మార్చాలి, లేదా బయటి నుంచి గాలి గొట్టాలు వేయాలి. మా ఏసీ అతను మార్చడానికి 7,500 చెప్పాడు. ముగ్గురు ఫోమ్ వాళ్లలో ఈ మాట ఎత్తింది ఒక్కరే! 9,400 కాస్తా 19,100 అయి కూర్చుంది.

ఇంకొకటి. అటిక్‌లో బయటికి కనిపించే ఫోమ్ మీద మంటని ఆపే పూత కావాలా వద్దా అన్నది ఆ ఫోమ్‌కి జరిగిన పరీక్షల్ని బట్టి ఉంటుంది. కొన్నిటికి అక్కర్లేదు. మీ ఫోమ్ ఏ కోవదో, పూత రేటులో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

మేం చివరికి రూఫ్‌కి ఫోమ్ మానేశాం. కొత్తగా కట్టే ఇల్లయినా, ఎలాగూ ఫర్నేస్ మార్చే ఏడాదయినా నేనూ కొట్టించేదాన్నే. ఏసీ డక్టులన్నీ మండే అటిక్‌లోంచి చల్లటి చోటికి వచ్చినట్టవుతుంది, అది చిన్న లాభం కాదు. మా ఫర్నేస్‌కి ఇంకా ఆయుష్షుంది. అందుకని అటిక్ నేలలో వైర్లు, లైట్లు, బాత్రూమ్ ఫ్యాన్ల చుట్టూ ఉన్న సందులు మూయించి, పైన ఆర్-49 వచ్చేదాకా సెల్యులోజ్ (కాగితం పీచు ఇన్సులేషన్) పోయించాం. 3,900 అయింది.

ఫోమ్ ఒక్క చోటే కొట్టించాం. మీడియా రూమ్‌కి రెండు గోడల వెనక నేరుగా అటిక్కే ఉంటుంది, వాటిని 'నీ వాల్' (knee wall) అంటారు. గది కాలిపోయేది వాటివల్లే. 300 చదరపు అడుగులకి మూడు అంగుళాల క్లోజ్డ్ సెల్, బోర్డ్ ఫుట్ డాలరున్నర, లెక్కకి 1,350. కానీ ట్రక్కు కదిలితే కనీసం 1,800 అన్నారు. సరే, ఎలాగూ 1,800 ఇవ్వాల్సిందే అయితే నాలుగు అంగుళాలు కొట్టండి అన్నాను. ఒప్పుకున్నారు, పూతతో సహా. చిన్న పనులకి ఈ కనీస రేటు అందరి దగ్గరా ఉంటుంది, బేరం రేటు మీద కాకుండా మందం మీద చేయండి.

కొట్టే రోజు మాస్క్ పెట్టుకుని అటిక్ మెట్ల దగ్గర నుంచి కాసేపు చూశాను. గన్‌లోంచి పడ్డప్పుడు పెయింట్‌లా పలచగా ఉంటుంది, రెండు మూడు సెకన్లలో పూరీలా పొంగి బిగుసుకుంటుంది. నాలుగు అంగుళాలూ ఒకేసారి కొట్టరు, లోపల వేడెక్కి పాడవుతుంది. రెండు అంగుళాలు కొట్టి, ఆరనిచ్చి మళ్లీ కొట్టారు. అయ్యాక మళ్లీ మాస్క్ పెట్టుకుని వెళ్లి, ఇడ్లీ ఉడికిందో లేదో గుచ్చి చూసినట్టు ఐదు చోట్ల సన్నటి చువ్వ గుచ్చి చూపించమన్నాను. ఒక మూల మూడు అంగుళాలే ఉంది. ఏమీ అనకుండా మళ్లీ కొట్టాడు. చెక్కు ఇచ్చాక అడిగితే కొట్టేవాడో లేదో. ఆ రాత్రి ఇర్వింగ్‌లో మా తోటికోడలి ఇంట్లో పడుకున్నాం. 24 గంటలు ఇంట్లోకి రావద్దన్నారు, మీరూ ముందే ఏర్పాటు చేసుకోండి.

ఆ ఏడాది మెటీరియల్ ఖర్చులో 30 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వచ్చింది, కూలికి రాదు. ఆ పథకం 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. ఇప్పుడు చేయించే పనికి ఆ క్రెడిట్ కలిపి తక్కువ చేసి చూపించే సేల్స్‌మన్ మాట వినకండి.

పై గదికీ కింద హాలుకీ ఎనిమిది డిగ్రీలుండే తేడా ఇప్పుడు మూడుకి దిగింది. జూలై కరెంటు బిల్లు 70 డాలర్ల దాకా తగ్గింది. అయితే 2023 ఎండలే వేరు కాబట్టి అందులో ఎంత వాతావరణం పుణ్యమో చెప్పలేను. అత్తగారు కిందటి వేసవిలో వచ్చి ఆ గదిలోనే నెల ఉన్నారు.

మీ ఇద్దరు కాంట్రాక్టర్లనీ రకం, చదరపు అడుగులు, అంగుళాలు అడగండి. మీ ఫర్నేస్ అటిక్‌లోనే ఉందో లేదో కూడా చూడండి. ఆ వివరాలు ఇక్కడే పెడితే లెక్క వేసి చెబుతాను.