బ్యాచ్‌ను కలిపి ఉంచబోతున్న నా తమ్ముడి కొడుక్కి

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమం ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉండు.

సైన్యంలో అగ్నివీరులుగా నాలుగేళ్లు ముగించుకుని ఇంటికి వచ్చే మీ బ్యాచ్ తెలుగు కుర్రాళ్లందరినీ ఒక జట్టుగా నిలిపి ఉంచే బాధ్యత నీవు తలకెత్తుకున్నావనీ, ఏటా ఒకచోట కలవాలనీ, ఒకరి ఉపాధికి మరొకరు తోడుపడాలనీ అనుకుంటున్నారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి నుంచి ఒక పిల్లవాడు తన గురించి కాక తనతో నడిచినవారి గురించి ఆలోచిస్తున్నాడని ఎంతో గర్వపడ్డాను. అయితే పింఛనుకు వచ్చినప్పటి నుంచి మా ఫిరంగి దళం వాళ్ల సంఘం పనులు చూస్తున్నవాడిని గనుక, ఆ పనిలో మనిషిని కుంగదీసేవి ఏమిటో కూడా నాకు తెలుసు. ఆ రాత్రంతా వాటినే తలచుకుంటూ ఉండిపోయాను. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని ఇలా రాస్తున్నాను. కాస్త తీరికగా చదువు.

మొదట ఒక సంగతి గ్రహించు. మా తరం సంఘం పెట్టుకోకపోయినా ఎక్కడో ఒకచోట ఎదురుపడుతూనే ఉండేది. క్యాంటీన్ లైన్లో, మాజీ సైనికులకు వైద్యం చూసే ఈసీహెచ్ఎస్ మందుల కిటికీ దగ్గర, నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేచోట పాత ముఖాలు కనబడేవి. ప్రభుత్వమే మమ్మల్ని ఏడాదికి నాలుగుసార్లు ఒక వరుసలో నిలబెట్టేది. మీకు అవేవీ లేవు. పింఛను లేదు, క్యాంటీన్ కార్డు లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. బ్యాచ్‌లో నూటికి ఇరవై ఐదుగురికి మించి సైన్యంలో కొనసాగరు. మిగిలినవారు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో తలా ఒక ఊరికి చెదిరిపోతారు. సింగపూరులో మీ అత్త కొడుకు రెండేళ్ల నేషనల్ సర్వీసు చేశాడు కదా, అక్కడి ప్రభుత్వం వాళ్లను ఆ తరువాత కూడా పదేళ్ల పాటు ఏటా శిక్షణకు పిలుస్తుంది. ఆ పిలుపు వల్లనే వాళ్ల జట్టు చెదరకుండా ఉంటుంది. మిమ్మల్ని అలా పిలిచేవారు ఎవరూ లేరు. నీవు పిలిస్తేనే పిలుపు. అందువల్ల దీన్ని ఏడాదికొక విందు ఏర్పాటు చేసే పని అనుకోవద్దు.

అందరికీ తెలిసిన పనులను గురించి ఎక్కువ రాయను. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి, జమాఖర్చులు ఏటా అందరి ముందు చదవాలి, చందా అతి పేదవాడికి కూడా భారం కానంతగా ఉండాలి, సంఘాన్ని రిజిస్టరు చేయించాలి. సమావేశంలో మందు వద్దు. ఈ ఒక్క విషయంలో నీ స్నేహితులు ఎంత బతిమాలినా లొంగవద్దు. బడాఖానాలో, అంటే పల్టన్ విందులో, రమ్ము పోయించుకున్న రోజులు నాకూ ఉన్నాయి గాని, అక్కడ పక్కన సీనియర్లు ఉండేవారు, తెల్లవారితే పి.టి. ఉండేది. ఇక్కడ తాగినవాడు మోటారు సైకిలెక్కి చీకట్లో ఇంటికి పోవాలి.

ఇక రిజిస్టరు సంగతి. దీని మీద నీ మనసంతా పెట్టి చదువు.

నేను పింఛనుకు రాకముందే గోదావరి జిల్లాల గన్నర్లకు ఒక సంఘం ఉండేది. అప్పటి కార్యవర్గం వారు మంచివారే, క్రమశిక్షణ గల మనుషులే. వరుసగా రెండేళ్లు చందా కట్టని సభ్యుడి పేరు కొట్టివేయాలని ఒక నియమం పెట్టుకున్నారు. పల్టన్ అలవాటు అది. హాజరు వరుసకు, అంటే ఫాలిన్‌కు, రానివాడు గైరుహాజరే, కారణం తరువాత. నేను ఇంటికి వచ్చాక రిజిస్టరు అడిగి తీసుకుని చూస్తుంటే, 1999లో ద్రాస్ దగ్గర నాతో ఒకే బోఫోర్స్ ఫిరంగి మీద పనిచేసిన, సోదరుడిలాంటి నా తోటి సైనికుడి పేరు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత ఉంది. పక్కన కారణం కూడా రాశారు: "ఫోను ఎత్తుట లేదు. సంఘంపై ఆసక్తి లేదు."

ఆ వాక్యం చదివి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆసక్తి లేకపోవడం కాదు నాయనా, అతనికి చెవులు వినబడవు. ఆ వేసవిలో పగలూ రాత్రీ గుండ్లు పేలుస్తూ ఉంటే చెవుల్లో దూది కుక్కుకునేవాళ్లం. దూది దొరకనప్పుడు చిరిగిన బనీను గుడ్డ పెట్టుకునేవాళ్లం. నా ఎడమ చెవి సగం పోయింది, అతనికి రెండూ పోతూ వచ్చాయి. ఊళ్లో నలుగురిలో కూర్చున్నప్పుడు ఒకటి అడిగితే ఒకటి చెబుతున్నాడని నవ్వేవారట. ఆ సిగ్గుతో సమావేశాలకు రావడం మానేశాడు. ఫోను మోగినా వినబడనివాడికి ఎన్నిసార్లు ఫోను చేస్తే ఏం లాభం? మనిషిని పంపాలని ఎవరికీ తోచలేదు.

వెతుక్కుంటూ వెళ్లేసరికి అతను పోయి చాలా కాలమైంది. అతని భార్య భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతోంది. చల్లటి నీళ్లలో నానిన ఆమె వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. పింఛను ఆయనతోనే పోయిందనుకుందట ఆ తల్లి. కుటుంబ పింఛను తనకు వస్తుందని ఆమెకు చెప్పినవారు లేరు. ఒకసారి ఎవరో చెబితే కాగితాలు పట్టుకుని తిరిగింది గాని, డిశ్చార్జ్ బుక్కులో ఆమె పేరు "సుబ్బలక్ష్మి", ఆధార్ కార్డులో "వెంకట సుబ్బలక్ష్మి". ఈ రెండు పేర్లూ ఒకరివేనని రుజువు తెమ్మన్నారు. ఆ రుజువు ఎలా తేవాలో తెలియక ఆ పుస్తకాన్ని తిరిగి ట్రంకు పెట్టెలో పెట్టేసింది. పెళ్లయిన కొత్తలో భార్య పేరును సర్వీసు రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ చేయించేటప్పుడు గుమాస్తా అడిగితే అతను ఇంట్లో పిలిచే పేరే చెప్పి ఉంటాడు. మనవైపు పిల్లలందరిదీ ఇదే వరస కదా, బడిలో ఒక పేరు, రేషను కార్డులో ఒక పేరు, ఇంట్లో మరొక పేరు.

అఫిడవిట్, తహసీల్దారు ధ్రువపత్రం, నాసిక్ రోడ్‌లోని మా ఆర్టిలరీ రికార్డ్స్‌కు దరఖాస్తు, అక్కడి నుంచి ప్రయాగ్‌రాజ్‌లోని పింఛను కార్యాలయం, ఇలా ఒకదాని వెంట ఒకటి నడిపించాక ఆమెకు బకాయిలతో సహా కుటుంబ పింఛను మంజూరైంది. డబ్బు చేతికి వచ్చిన రోజున ఆమె నన్ను అడిగిన మాట ఒక్కటే: "అన్నయ్యగారూ, ఆయన ఉండగా మీరెవరూ ఎందుకు రాలేదు?" ఆ ప్రశ్నను తరువాతి సమావేశంలో అందరి ముందు పెట్టాను. ఎర్ర గీత నియమం ఆ రోజే రద్దయింది. ఒక సమావేశానికి రాకపోతే ఉత్తరం, రెండింటికి రాకపోతే ఇద్దరు మనుషులు అతని ఇంటికి వెళ్లి రావడం, ఇదీ ఇప్పటి మా పద్ధతి. మీరు మొదటి రోజు నుంచే ఈ పద్ధతి పెట్టుకోండి. చందా కట్టనివాడి పేరు ఎప్పటికీ కొట్టివేయవద్దు.

అందుకే మీ రిజిస్టరులో ప్రతివాడి ఫోను నంబరుతో పాటు ఇంట్లో మరొకరి నంబరు ఉండాలి. తల్లిదైతే మంచిది, రేపు పెళ్లయ్యాక భార్యది. ఊరు, మండలం, ఇంటికి వెళ్లే గుర్తు రాసుకో. సర్వీసు కాగితాల్లో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే, యూనిట్ ఆఫీసు అందుబాటులో ఉండగానే, ఒక్కొక్కడి చేత సరిచూయించు. ఇంటికి వచ్చాక ఒక అక్షరం దిద్దించుకోవడం ఎంత కష్టమో నేను చూశాను. సర్వీసు ముగిసేటప్పుడు ఇచ్చే నైపుణ్య ధ్రువపత్రాన్ని మూడు నకళ్లు తీయించి, ఒకటి తల్లి దగ్గర ఉంచమని చెప్పు.

నా భయాలు మరి రెండు ఉన్నాయి. మొదటిది ఫోను. మీ గ్రూపులో ఇంటికి వచ్చినవారూ ఉంటారు, యూనిట్లలో కొనసాగుతున్నవారూ ఉంటారు. సర్వీసులో ఉన్నవాడు సరదాగా పెట్టిన ఒక ఫోటోలో వెనక కొండ కనబడినా, బండి నంబరు కనబడినా చాలు. 2020 జూలైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను తీసివేయమని సైన్యం ఆదేశించింది ఊరికే కాదు. అమ్మాయి పేరుతో పరిచయం పెంచుకుని రహస్యాలు లాగే వలలో చదువుకున్నవారు కూడా పడ్డారు. కనుక గ్రూపులో యూనిట్ పేరు, స్థలం, కదలికలు ఎవరూ రాయకూడదు. పూర్తి జాబితాను ఫోనులో ఉంచనే ఉంచవద్దు. చేత్తో రాసిన బౌండు పుస్తకం ఒకటి, దానికి నకలు ఒకటి, రెండు వేరు వేరు ఇళ్లలో ఉండాలి. పాత పద్ధతి అంటావని తెలుసు. అయినా చెబుతున్నాను, విను.

రెండోది డబ్బు. నెల జీతంలో ముప్పై శాతం కోయించుకుని, దానికి ప్రభుత్వం సమానంగా కలిపితే, చివర ఒక్కొక్కరి చేతికి వడ్డీతో సహా దాదాపు 11.71 లక్షల సేవానిధి వస్తుంది. ఒకే నెలలో, ఒకే జిల్లాలో, ఇంతమంది కుర్రాళ్ల దగ్గర అంత డబ్బు ఉందని తెలిస్తే చిట్టీలవాళ్లు, ప్లాట్లవాళ్లు, ఉద్యోగాలు ఇప్పిస్తామనేవాళ్లు ముందుగా వచ్చేది నీ దగ్గరికే, ఎందుకంటే జాబితా నీ దగ్గర ఉంటుంది. మీ ఫంక్షన్ ఖర్చంతా మేమే పెట్టుకుంటాం, ఒక్క పది నిమిషాలు మైకు ఇవ్వండి అంటారు. ఇవ్వవద్దు. ఆయుధం పట్టడం వచ్చిన కుర్రాళ్ల కోసం విదేశాల నుంచి కూడా దళారులు వస్తారు. సహాయకుల ఉద్యోగమని నమ్మించి రష్యాకు తీసుకువెళ్లి యుద్ధంలోకి నెడితే, 2024లో మన హైదరాబాదు యువకుడొకడు అక్కడ ప్రాణం పోగొట్టుకున్నాడు. అటువంటి పిలుపు ఎవరికి వచ్చినా ముందు జట్టుకు చెప్పి తీరాలని అందరి చేత మాట తీసుకో. రాజకీయ నాయకుల బ్యానరు విషయంలోనూ, కులం పేరిట వేరు కుంపటి పెడదామనేవారి విషయంలోనూ ఇంతే గట్టిగా ఉండు.

నీవు ఇంకా ఆలోచించి ఉండవనుకునే విషయం ఒకటుంది. మొదటి సమావేశానికి కొనసాగినవాడూ వస్తాడు, కొనసాగనివాడూ వస్తాడు. ఒకే బ్యారక్‌లో పక్కపక్క మంచాల మీద పడుకున్నవారి మధ్య ఎవరో వేసిన మార్కులు వచ్చి కూర్చుంటాయి. ఇంట్లో తండ్రి "వాడికి వచ్చింది, నీకెందుకు రాలేదురా" అని ఒక మాట అని ఉంటాడు. ఆ మాట మోస్తున్న కుర్రాడు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోగలడు. అందుకని సర్వీసులో ఉన్నవారిని యూనిఫారంలో రావద్దని ముందే చెప్పు. వేదిక వద్దు, శాలువాలు వద్దు. అందరూ నేల మీద ఒకే బంతిలో కూర్చుని భోంచేయండి. నీ పేరు ఏ జాబితాలో వస్తుందో ఇవాళ నాకు తెలియదు, నీకూ తెలియదు. ఏది వచ్చినా ఈ ఇంట్లో నిన్ను చూసే చూపు మారదు. మీ నాన్న నోటితో చెప్పలేడు గనుక ఆ మాట నేను చెబుతున్నాను.

మీ మొదటి బ్యాచ్‌లోనే చేరిన మురళీనాయక్ 2025 మే నెలలో, ఆపరేషన్ సింధూర్ రోజుల్లో, నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చాడు. గోరంట్ల మండలంలోని ఆ తండాకు మొదటి రోజుల్లో మంత్రులూ వచ్చారు, కెమెరాలూ వచ్చాయి. ఐదో ఏడు, పదో ఏడు ఆ తల్లిదండ్రుల గడప తొక్కవలసినది మీరే. ఏటా మే 9న కనీసం ఇద్దరు వెళ్లి ఒక పూట ఉండి రండి. పొలం పనో, ఆసుపత్రి పనో ఏముందో అడిగి చేసి రండి. ఫోటోలు తీయవద్దు.

సమావేశం తేదీ విషయంలో మీ నాన్నకూ నాకూ భేదాభిప్రాయం వచ్చింది. జనవరి 15 ఆర్మీ డే గనుక ఆ రోజే పెట్టుకోవాలని వాడి పట్టు. ఆ తేదీ మనకు సంక్రాంతికో కనుమకో పడుతుంది, ఏ తల్లి పంపుతుంది? ముక్కనుమ వెళ్లిన మరునాడు పెట్టుకోండి. పండక్కి వచ్చినవారు ఇంకా ఊళ్లోనే ఉంటారు, సెలవు మీద వచ్చినవారికి తిరుగు రైలు ఆ సాయంత్రానికి చూసుకోవచ్చు. తాడేపల్లిగూడెం అయితే రాయలసీమ, తెలంగాణ పిల్లలకు రైలు సౌకర్యం ఉంటుంది. మిలిటరీ మాధవరం అక్కడికి దగ్గరే, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరు. అక్కడి పెద్దలను నేను అడిగి చూస్తాను. వంటవాణ్ణి మీ పెద్దమ్మ కుదురుస్తానంటోంది.

బౌండు పుస్తకాలు రెండు కొని, నిలువు గడులు గీయించి సిద్ధంగా ఉంచాను. వచ్చే సెలవులో తీసుకువెళ్లు. ఈలోగా మీ యూనిట్‌లోని తెలుగువారి పేర్లు, వారి తల్లుల ఫోను నంబర్లు కాగితం మీద రాసుకుని రా. రాత్రిళ్లు చలిగా ఉంటుందని మీ అమ్మ బెంగపడుతోంది, వారానికొకసారైనా ఆమెకు నీవే ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న