ఈఆర్‌సీసీ1 రిపోర్టు వచ్చేదాకా కీమో ఆపమందామా?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు, చుట్ట అలవాటుంది. నాలుక పక్క పుండు మానకపోతే బయాప్సీ చేసి క్యాన్సర్ అన్నారు. ఆపరేషనై మూడు వారాలైంది. మెడలో ఒక లింఫ్ గ్రంథి పొర దాటి పాకిందట, అందుకని రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించాలన్నారు. ఈఆర్‌సీసీ1 అనే ప్రొటీన్ ఎక్కువుంటే ఆ మందు పనిచేయదని చదివినప్పటి నుంచీ ఒకటే టెన్షన్. ఆ టెస్టు చేయించాకే మొదలుపెట్టమందామా?
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: వద్దండి, దానికోసం ఆగొద్దు. ఆపరేషనైన ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి, మీకు అందులో సగం అప్పుడే గడిచిపోయింది.

మీరు చదివింది అబద్ధమని కాదు. మన కణాల్లో డీఎన్ఏకి రోజూ ఏదో ఒక దెబ్బ తగులుతూనే ఉంటుంది, చేనుగట్టుకి గండి పడితే పరుగెత్తి పూడ్చేవాళ్లలాగా కొన్ని ప్రొటీన్లు దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేస్తుంటాయి. (ఈ మరమ్మతు ఎలా జరుగుతుందో విప్పి చెప్పినందుకే లిండాల్, మోడ్రిచ్, సాంకర్‌లకు 2015లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు.) చిక్కల్లా క్యాన్సర్ కణంలోనూ అవే ఉండటం. సిస్‌ప్లాటిన్‌లోని ప్లాటినం డీఎన్ఏకి అతుక్కుని కణాన్ని చంపాలని చూస్తే, ఈఆర్‌సీసీ1 తన జోడీ ఎక్స్‌పీఎఫ్‌తో కలిసి ఆ ముక్కని కత్తిరించి తీసేయిస్తుంది. రేడియేషన్‌కి తెగిన డీఎన్ఏ పోగుల్ని కూ70, కూ80 అనే ప్రొటీన్లు పట్టుకుని అతికించే పనిలో ఉంటాయి. కాబట్టి ఇవి ఎక్కువున్న గడ్డ మొండికేస్తుందని అనుకోవడం సబబే, తల, మెడ క్యాన్సర్లలో కొన్ని అధ్యయనాల్లో అలాగే కనబడింది కూడా, కొన్నిట్లో కనబడలేదు.

ఎందుకిలా అంటే టెస్టు ఎలా చేస్తారో చూడాలి. తీసిన ముక్కని మైనంలో బిగించి, 4 మైక్రాన్ల పల్చటి పొరగా కోసి, గాజు పలక మీద ఆ ప్రొటీన్‌ని వెతికి అంటుకునే యాంటీబాడీ వేస్తారు. ప్రొటీన్ ఉన్న కణాల నడిమి చుక్క గోధుమరంగుకి తిరుగుతుంది, లేనివి నీలంగానే ఉంటాయి. రంగు ఎంత ముదురన్నదానికి 0 నుంచి 3 దాకా మార్కు, దాన్ని ఎంత శాతం కణాలన్నదానితో హెచ్చవేసి స్కోరంటారు. ఎంత దాటితే 'ఎక్కువ' అన్న గీత ఒక్కొక్కరు ఒక్కోచోట గీశారు. పైగా ఎక్కువమంది వాడిన 8ఎఫ్1 అనే యాంటీబాడీ ఇంకో ప్రొటీన్‌కి కూడా అంటుకుంటుందని బయటపడింది. 2013లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద పనిచేసినవాళ్లు 16 యాంటీబాడీలు పరీక్షిస్తే, ఈఆర్‌సీసీ1 రూపాల్లో నిజంగా మరమ్మతు చేసేదాన్ని విడిగా పట్టగలిగింది ఒక్కటీ లేదు. అలాంటి రిపోర్టు చూసుకుని మీ నాన్నగారికి మందు ఆపడమంటే నాకు భయమేస్తుంది.

మీ చేతిలో అంతకన్నా గట్టి సమాచారం ఉంది. క్యాన్సర్ గ్రంథి పొర దాటినవాళ్లకీ, కోసిన అంచులో మిగిలినవాళ్లకీ రేడియేషన్‌తో సిస్‌ప్లాటిన్ కలిపితే మేలని 2004లో యూరప్, అమెరికాల్లో వచ్చిన ట్రయల్స్ చెప్పాయి. ఆ పేషెంట్లనెవరినీ ఈఆర్‌సీసీ1 చూసి ఎంచుకోలేదు. పీ16 టెస్టని (హెచ్‌పీవీ వైరస్ ఆనవాలు చూసేది) కూడా ఎవరైనా అనొచ్చు, అది టాన్సిల్ క్యాన్సర్‌కీ, గొంతు వైపుండే నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్‌కీ పనికొచ్చేది, నాలుక ముందుభాగానికి కాదు.

డాక్టరుగారిని అడగాల్సినవి వేరే ఉన్నాయి: సిస్‌ప్లాటిన్‌కి ముందు కిడ్నీ టెస్టు, చెవి పరీక్ష అయ్యాయా అని. చుట్ట పూర్తిగా మాన్పించండి, పొగ తాగుతుంటే రేడియేషన్ ఫలితం తగ్గుతుంది. పళ్ల డాక్టరుకి మాత్రం ఈ వారమే చూపించండి, పీకాల్సిన పన్నుంటే ఇప్పుడే పీకించాలి, రేడియేషన్ తర్వాత పీకితే దవడ ఎముక మానడం చాలా కష్టం.