సంతకం పెట్టే ముందు మావయ్య మాట వినవే

చిన్నీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఆఖరి సెమిస్టర్ మధ్యలో వదిలేసి, ర్యాప్ పాడడానికి హైదరాబాద్ వెళ్లిపోతానన్నావట. ముందు ఒళ్లు మండింది. తర్వాత నువ్వు పంపిన రెండు పాటలూ కారులో పెట్టుకుని విన్నాను. ఇల్లొచ్చాక కూడా దిగకుండా మళ్లీ విన్నాను. మన పలాస గుంట ఊపిరి తిప్పుకోకుండా, తాళం తప్పకుండా అన్నన్ని మాటలు దంచేస్తుంటే గర్వమేసింది. ఈ సంగతి మీ అమ్మకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

చిన్న విషయాలు ముందు అనేస్తాను. అరిచి గొంతు పాడుచేసుకోకు. రాసిన ప్రతిదీ తేదీ వేసి దాచు. వేళకి తిను. సెమిస్టర్ పూర్తి చెయ్యి, ఈలోగా ర్యాప్ ఎక్కడికీ పారిపోదు.

చదువు మాటెత్తితే అమెరికా ర్యాపర్ ఆండ్రే త్రీ థౌజండ్ పేరు తెస్తావని తెలుసు. ఆయనా బడి మానేశాడు కదా అంటావు. మానేశాడు. తర్వాత రాత్రి తరగతులకి వెళ్లి హైస్కూల్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడే తల్లీ, ఆ ముక్క నీకెవరూ చెప్పలేదా? నేనుండేది ఆయన ఊళ్లోనే కాబట్టి మిగతాది నేను చెబుతాను.

ఆయన అసలు పేరు ఆండ్రే బెంజమిన్, 1975లో ఈ అట్లాంటాలోనే పుట్టాడు. ఒక్కడే కొడుకు, తల్లి ఒంటరిగా పెంచింది. ఈస్ట్ పాయింట్‌లోని ట్రై సిటీస్ హైస్కూల్లో సవానా నుంచి వచ్చిన బిగ్ బోయ్‌తో జత కుదిరింది. అవుట్‌కాస్ట్ అనే ర్యాప్ గ్రూపు అంటే ఈ ఇద్దరే. వీళ్ల అసలు బడి మాత్రం, వీళ్లకి సంగీతం కట్టిన రికో వేడ్ వాళ్లమ్మ ఇంటి కింద నేలమాళిగ. దాన్ని డంజన్ అనేవాళ్లు. గచ్చు లేదు, ఈ జార్జియా రాష్ట్రపు ఎర్రమట్టి అలాగే కనబడేది. ఆ మట్టిలో కూర్చుని రాయడం, పక్కవాడికి వినిపించడం, బాగోలేదంటే కొట్టేసి మళ్లీ రాయడం.

1994లో మొదటి ఆల్బం వచ్చింది. ఆ వయసు కుర్రాళ్లు కొట్టుకునే డప్పే అందులోనూ ఎక్కువ: కార్లు, దర్జా, సోకు. కానీ నోట్లో మాట మాత్రం అచ్చం అట్లాంటాదే. మరుసటి ఏడు న్యూయార్క్‌లో సోర్స్ అనే ర్యాప్ పత్రిక అవార్డుల సభలో కొత్త గ్రూపు బహుమతి వీళ్లకిస్తే జనం ఈలలేసి గోల చేశారు. అప్పటికి ర్యాప్ అంటే న్యూయార్కూ, లాస్ ఏంజెలెసూ. అంత గోలలో ఆండ్రే మైకు పట్టుకుని, దక్షిణాదికీ చెప్పాల్సింది ఉందని ఒక్క మాట అని దిగిపోయాడు.

ఇక్కడ నిన్ను తిట్టాలి. అమ్మతో కొట్లాడేటప్పుడు "ఏటి సేస్తావేటి?" అంటావు కదా, పాటలో ఆ బొంబాయి కుర్రాళ్ల గొంతు ఎందుకే? రెండో పాటలో రైలుగేటు దగ్గర జీడిపిక్కల బస్తాల గురించి నాలుగు లైన్లు చెప్పావే, అక్కడొక్కచోటే నువ్వు కనబడ్డావు.

మళ్లీ ఆండ్రే సంగతికొస్తే, 1996 నాటి ఆల్బంకల్లా మనిషే మారిపోయాడు. తాగుడు, పొగ మానేశాడు, తలపాగా చుట్టాడు, పాట నిదానించింది, ఎక్కడో ఆకాశంలోంచి వస్తున్నట్టు ఉంటుంది. 2003 వచ్చేసరికి ఇద్దరూ చెరో డిస్కు చేసి జంట ఆల్బంగా తెస్తే, తన సగంలో ర్యాప్ కంటే పాడిందే ఎక్కువ. మరుసటి ఏడు దానికే గ్రామీల్లో ఆ ఏటి ఆల్బం బహుమతి. 2023లో పిల్లనగ్రోవులు పట్టుకుని ఒక్క ర్యాప్ ముక్క లేకుండా ఆల్బం చేశాడు. కొంతమంది అభిమానులు నెత్తి బాదుకున్నారు.

ఇన్నిసార్లు మారడం ధైర్యం ఒక్కదానితో కుదరదు. మొదటి ఆల్బం డబ్బులతో వాళ్లు సొంత పరికరాలు కొనుక్కుని, సంగీతం కట్టడం నేర్చుకున్నారు. తర్వాత ఈ ఊళ్లోనే ఒక స్టూడియో కొని దానికి స్టాంకోనియా అని పేరు పెట్టుకున్నారు. అర్ధరాత్రి కొత్త ఊహ వస్తే ఎవరి గడపా తొక్కక్కర్లేదు.

నా భయం ఎక్కడుందో చెబుతా విను. నా దగ్గరికి టాక్స్ కాగితాలు తెచ్చే పాటగాళ్లలో ఒక కుర్రాడుండేవాడు, పేరు అక్కర్లేదు. బంగారం లాంటి గొంతు. పాటల కంపెనీ అడ్వాన్స్ ఇచ్చింది, అదేదో జీతం అనుకుని కారు కొన్నాడు. అడ్వాన్స్ అంటే అప్పేనే చిన్నీ, నీ రాయల్టీలోంచి, అంటే పాట సంపాదనలో నీకొచ్చే వాటాలోంచి, కోసుకుంటారు. ఓ రోజు చెప్పుల డబ్బా నిండా కాగితాలు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించాడు. స్టేట్‌మెంట్ తిరగేస్తే వీడియో ఖర్చు, వ్యాను అద్దె, హోటల్లో తిన్న తిండి, అన్నీ వాడి ఖాతాలోనే. చివరి అంకె బ్రాకెట్లలో ఉంది. "ఇంతొస్తుందా అంకుల్?" అని మొహం వెలిగిపోతూ అడిగాడు. బ్రాకెట్లంటే బాకీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

డబ్బు పోతే పోయింది. వాడికి ఆ పాత హుషారు పాటలు విసుగొచ్చి, చర్చిలో వాళ్ల నాన్నమ్మ పాడే తీరులో ఏదో చేసుకొచ్చాడు. నాకోసారి వినిపించాడు కూడా. కంపెనీకి నచ్చలేదు. విడుదల చెయ్యరు, ఇంకోచోట చేసుకోనివ్వరు. ఇంకా మూడు ఆల్బంలు బాకీ అని కాగితంలో ఉంది. సంతకం పెట్టిన రోజు లాయరు ఫీజు మిగిలిందని సంబరపడ్డాడట వెర్రినాగన్న. ఇప్పుడు గోదాములో ట్రక్కులకి సరుకెత్తుతున్నాడు.

నీకింకా ఇరవై రెండు నిండలేదు. ముప్ఫైలో నీ నోట ఏ పాట వస్తుందో నీకే తెలీదు. అందుకని ఎన్ని పాటలు, ఎన్నేళ్లు అన్నచోట వేలు పెట్టి మరీ చదువు. రికార్డింగ్ ఎవరి సొత్తో అడుగు. రాసిన మాటలు వేరే సొత్తు, రెండూ కలిపెయ్యకు. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టంలో రాసినవాళ్ల రాయల్టీ వాటా కంపెనీకి వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. పాటలు రాసేవాళ్లకీ, కట్టేవాళ్లకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్‌, అందులో సభ్యత్వం తీసుకో. బీటు కట్టిన స్నేహితుడితో ఎవరి వాటా ఎంతో ఆ రోజే రాసుకోండి, స్నేహం చెడకముందే.

ఎవరు ఏ కాగితం ఇచ్చినా ఫోటో తీసి నాకు పంపు. ఇక్కడ అర్ధరాత్రి అయినా పర్లేదు. హైదరాబాద్‌లో మీ పిన్ని ఇంట్లోనే ఉండాలి, హాస్టల్ మాటెత్తకు. డబ్బు పంపను కానీ మైకు పంపుతాను, ఏది కావాలో రాయి. పరీక్ష ఫీజు కట్టావో లేదో ముందు అది చెప్పు.

మీ మావయ్య